బెళుగుప్ప బీళ్ళలో రాకెట్ ముక్కలు

ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా మనవరాలి రాకెట్ ఆకాశంలో ముక్కలైంది. ఆ వేళకు నేను తెనాలిలో మా వంటింటి గడప దగ్గర కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. వేళ ఎలా తెలుసంటే, రాకెట్ లేచేటప్పుడు ఫోన్ చేసి వినిపిస్తానంది, వినిపించింది. "లేచింది అమ్మమ్మా!" అని ఒక కేక, తర్వాత చాలాసేపు గాలి చప్పుడు, తర్వాత చిన్న గొంతుతో "విరిగిపోయింది." గోడగడియారం నా ఎదురుగానే ఉంది.

మైత్రి మా అమ్మాయి కూతురు. అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. రాకెట్ అంటే దీపావళికి సీసాలో నిలబెట్టి వదిలే తారాజువ్వ అనుకోకండి. నాకంటే జానెడు పొడవైన తెల్లటి గాజుపీచు (ఫైబర్‌గ్లాస్) గొట్టం, అడుగున మూడు రెక్కలు, లోపల గట్టి ఇంధనం. కిలోమీటరు ఎత్తుకు వెళ్ళి, అక్కడ వేగమంతా అయిపోయి ఒక్క క్షణం తేలినప్పుడు పారాచూట్ విప్పుకుని, మెల్లగా దిగాలి. నలుగురు పిల్లలు చదువు మధ్యలో తీరిక చేసుకుని ఏడాది పాటు దాన్ని తయారు చేశారు. అనుమతులు తెచ్చుకుని బెళుగుప్ప దగ్గర ఒక రైతు బీడులో నిలబెట్టారు. రెక్కలు అతికించింది మైత్రి. పారాచూట్ కుట్టింది నేను.

మూడు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసింది. జట్టు పెద్ద ప్రణీత్ అనే అబ్బాయి. రెక్క ఊడి పడటం అందరూ చూశారు కాబట్టి అతుకు వదలడమే కారణమని తేల్చాడట. సోమవారం మధ్యాహ్నానికల్లా కాలేజీకి నివేదిక ఇవ్వాలి. అందులో "రెక్కల అతుకు: మైత్రి" అని ఉంటుంది. తర్వాతి రాకెట్‌లో ఆమెకు చేతిపని ఉండదు.

"అది న్యాయమే అమ్మమ్మా. నాకు చేతకాదు. ఇక మానేస్తాను" అంది.

"ముక్కలన్నీ దొరికాయా?" అన్నాను.

"ఎత్తు కొలిచే పెట్టె ఉన్న ముక్క దొరకలేదు. అదే ముఖ్యం."

"అది దొరక్కుండా కారణం ఎలా రాస్తారు?"

"చూశాం కదా అమ్మమ్మా."

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. జవాబు చూసి లెక్క చేసినవాడికి నేనెప్పుడూ మార్కులు వెయ్యలేదు. గురువారం రాత్రి రైలుకు టికెట్ తీయించుకున్నాను. ఇంకో సంగతీ ఉంది. నా కుట్లు నా కళ్ళతో చూసుకోవాలి.

పామిడి

గుంతకల్లులో దిగి అనంతపురం బస్సు ఎక్కాను. పామిడి దగ్గర వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద పెన్న. నది అని చెప్పబట్టి సరిపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇసుక, మధ్యలో గేదెలు నడిచిన దారి. మా ఊళ్ళో కాలువకు వారం రోజులు నీళ్ళు వదలకపోతే అది వార్త. ఇక్కడ నీళ్ళొస్తే వార్త.

పామిడిలో బట్టల వ్యాపారం జాస్తి. అక్కడ ఎక్కిన ఒకామె నైటీల మూట ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. నా చేతిసంచిలో పారాచూట్ కుట్టగా మిగిలిన నారింజరంగు గుడ్డ ముక్క ఉంది. అది బయటికి కనబడితే చొరవగా లాగి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది నైటీకి పనికిరాదక్కా. చెమట పీల్చదు."

"నైటీకి కాదమ్మా. రాకెట్టుకు."

"రాకెట్టుకు నైటీ యాల?"

బస్సులో ముందు సీట్ల వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. నేను మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఆమె శ్రద్ధగా వింది.

"అంగుళానికి ఎన్ని కుట్లు ఏసినావు?"

"పన్నెండు."

"జాస్తి ఏసినావు. సూది దగ్గర దగ్గర పడితే గుడ్డకు తూట్లే గదా మిగిలేది? గట్టిగా లాగితే ఆ గీత ఎంబడే చినుగుతాది. చూసుకోపో."

ఆమె మధ్యలో ఎక్కడో దిగిపోయింది. నేను అనంతపురం దాకా కిటికీలోంచి ఏం చూశానో నాకు గుర్తులేదు.

అనంతపురం

బస్టాండులో మైత్రిని చూశాను. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. అన్నం సంగతి అడిగితే "తింటున్నాను" అంది. అబద్ధం చెప్పేటప్పుడు వాళ్ళమ్మ లాగే జడ కొస పట్టుకుంటుంది.

రోడ్డు పక్క బండి దగ్గరికి తీసుకెళ్ళి ఉగ్గాని పెట్టించాను. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో వేయించి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీలు. మా వైపు మరమరాలు సాయంత్రం కాలక్షేపానికి. ఇక్కడ అవే పొద్దున కడుపు నింపుతాయి. రెండు ఇడ్లీల ధరకు ఇద్దరం తిన్నాం. బండి ఆయన మైత్రి వదిలేసిన బజ్జీ చూసి, "ఏమ్మా, కారమా? ఇది కారం కాదు, వాసన" అన్నాడు. నా కళ్ళలో మాత్రం ఆ వాసనకు నీళ్ళు తిరిగాయి.

ఆ పూట వాళ్ళ హాస్టల్ ముందు అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఎత్తు కొలిచే పెట్టె ఎలా పనిచేస్తుందో చెప్పించుకున్నాను. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. పెట్టె ఉన్న ముక్కకు చుట్టూ మూడు సన్నటి రంధ్రాలుంటాయి, కందిగింజ కూడా దూరనంతవి. బయటి గాలి ఎంత పలచగా ఉంటే లోపలా అంత పలచబడుతుంది. పలచబడటం ఆగి, మళ్ళీ చిక్కబడటం మొదలైందంటే రాకెట్ దిగడం మొదలుపెట్టిందన్నమాట. ఆ క్షణాన పెట్టె చిటికెడు మందు పేల్చి పారాచూట్‌ను బయటికి నెడుతుంది.

"అంటే అవి దాని ముక్కుపుటాలు" అన్నాను.

"అలాగే అనుకో" అంది. అయిదు రోజుల్లో మొదటిసారి కాస్త నవ్విందని తర్వాత దాని స్నేహితురాలు చెప్పింది.

ఓబుళమ్మ ఇల్లు

శనివారం పొద్దున బెళుగుప్ప బస్సు. దారికి రెండు వైపులా ఎర్రనేల, కోత అయిపోయిన చేలు, వాటి మీద గొర్రెలు, గొర్రెల మీద తిరుగుతున్న గాలిమరల నీడలు. వాటిని ఇక్కడ ఫ్యాన్లు అంటారు. "మీ రాకెట్టు ఫ్యానుకు తగల్లేదు గదా?" అని కండక్టర్ మైత్రిని అడిగాడు. అంటే సంగతి ఊరంతా తెలుసు.

బీడు భూమి నారాయణప్పది. ఆయన మాట తక్కువ మనిషి. ఆయన వంతు మాటలు కూడా భార్య ఓబుళమ్మే మాట్లాడుతుంది. అరవై దాటిన మనిషి, వెడల్పాటి చేతులు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. రాకెట్ పిల్లలు వచ్చిన ప్రతిసారీ అన్నం పెట్టింది ఆమే. మైత్రిని చూడగానే రెండు చెంపలూ పట్టుకుంది.

"ఏమే, ఇంత చిక్కినావు? రాకెట్టు పోతే ఇంగోటి చేస్తారు. నువ్వు పోతే ఇంగోదాన్ని యాడ తెస్తాము?"

నేను "నమస్కారమండీ ఓబుళమ్మగారూ" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"గారా? ఎవురక్కా అది? ఈడ ఓబుళమ్మ ఒకతే ఉండేది." అప్పటి నుంచి నేను టీచరక్కను, ఆమె ఓబుళమ్మ.

మధ్యాహ్నం రాగి సంగటి, ఊరుబిండి అనే పచ్చడి, పప్పు. సంగటి ముద్ద తెనాలి చేతికి లొంగలేదు. నేను నమిలాను.

"నమలొద్దక్కా! మింగల్ల. పప్పులో ముంచు, మింగు" అంది ఓబుళమ్మ.

"నమలకుండా మింగితే అరుగుతుందా?"

"నమిల్తే పొద్దు గూకేదాకా కూచుంటావు. మా ఆయనను చూడు. పెండ్లయినప్పటి నుంచీ ఒక్క ముద్ద నమల్లేదు, ఒక్క మాట నమల్లేదు."

నారాయణప్ప తల వంచుకుని మింగాడు. మైత్రి రెండు ముద్దలు తింది. నేను చూడనట్టు చూశాను.

చాప మీద ముక్కలు

ఆ ఆదివారం పిల్లలు దొరికిన ముక్కలను గోనెసంచుల్లో పోసి ఈ ఇంటి కొట్టంలోనే వదిలి వెళ్ళారు. మర్నాడు పరీక్ష ఉంది. పైగా ఎవరికీ వాటిని తిరిగి చూడబుద్ధి కాలేదు. మేం చాప పరిచి వాటిని రాకెట్ ఆకారంలో పేర్చాం. ముందు నేను పారాచూట్ విప్పాను.

గుడ్డ అడ్డంగా, రెండు కుట్టు గీతల మధ్యలో చినిగింది. అంగుళానికి పన్నెండు కుట్లు వేసిన గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క దారం తెగలేదు. పామిడి ఆమె మాట నా గుడ్డ విషయంలో తప్పింది. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఎదురుగా మైత్రి మోకాళ్ళ మీద కూర్చుని ఉందన్న సంగతే కాసేపు మరిచాను. అది సిగ్గుపడాల్సిన హాయి.

"నీ రెక్కలు చూడు" అన్నాను.

"ఎందుకు?"

"నేను నావి చూసుకున్నాను. నువ్వు నీవి చూసుకో."

అడుగు గొట్టానికి రెండు రెక్కలున్నాయి. మూడోది ఊడిన చోట ఎర్రమట్టి పట్టి ఉంది. మైత్రి తడిబట్టతో మెల్లగా తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. అతుకు వదిలితే గొట్టం నున్నగా మిగలాలి. అక్కడ నున్నగా లేదు. గాజుపీచు పొరలు పీచులు పీచులుగా లేచి ఉన్నాయి. రెక్క పోతూ పోతూ గొట్టం చర్మాన్ని తనతో పెరుక్కుని పోయింది.

"జిగురు వదల్లేదు" అంది. రెండోసారి, నాకు కాకుండా తనకు చెప్పుకున్నట్టు: "వదల్లేదు."

పై గొట్టంలో ఇంకో సాక్ష్యం ఉంది. పారాచూట్‌ను రాకెట్‌కు కట్టిన తాడు, గొట్టం అంచు నుంచి మూరెడు పొడవున దాన్ని నిలువునా కోసేసింది, సంచి జిప్పు తెరిచినట్టు. రాకెట్ తేలుతున్నప్పుడు పారాచూట్ వస్తే తాడుకు అంత బలం ఉండదు. అంటే అది మంచి వేగంలో ఉండగా విచ్చుకుంది. ఆ కుదుపుకే గుడ్డ చినిగింది, గొట్టం చీలింది, రెక్క ఊడింది. రెక్క ఊడటం మొదటిది కాదు, చివరిది.

"అయితే పెట్టె తప్పు సమయంలో పేల్చింది. ఎందుకు?" అన్నాను.

"పెట్టె ఉంటేనే తెలుస్తుంది. అది లేకుండా ఇవన్నీ చెబితే, నా తప్పు కప్పుకుంటున్నానంటారు."

సాయంత్రం దాకా వెతికాం. ఎదురుపడిన ప్రతి మనిషినీ మైత్రి అడిగింది: "అన్నా, తెల్ల గొట్టం ముక్క చూసినారా? మూరెడు ఉంటాది." గొర్రెల కాపరి చూడలేదు. శనగ చేలో కూలీలు చూడలేదు. ఫ్యాన్ల దగ్గర కాపలా మనిషి చూడలేదు కానీ, మా ఇద్దరికీ టీ ఇచ్చాడు. నా చెప్పు ఒకటి తుమ్మ ముల్లుకు బలైంది. ఓబుళమ్మ చెప్పులు వేసుకుని తిరిగాను. అవి నా పాదానికి రెండు వేళ్ళు పెద్దవి.

సొరకాయ

ఆదివారం పొద్దున నారాయణప్ప గొడ్లను తోలుకుని బయల్దేరుతుంటే ఓబుళమ్మ కేకేసింది.

"మూడుదార్ల కాడ పోవాకు! సుట్టు తిరిగి పో. దాన్ని ఇంగా ఎవురూ తీయలేదంట."

"దేన్ని?" అన్నాను.

"ఎవురో దిష్టి తీసి పారేసినారక్కా. వారమాయ. గొర్రెలోళ్ళు గూడా ఆ పక్క పోకుండా ఉండారు."

మా వైపూ ఉంది ఈ ఆచారం. మూడు దారులు కలిసే చోట ఎర్రన్నం, నిమ్మకాయలు పడేస్తారు. తెలిసినవాళ్ళు తొక్కరు, దాటరు, వేలు పెట్టి చూపించరు. నేనూ పక్క నుంచే పోతాను.

"ఏం పారేశారు?"

"సొరకాయంట. తెల్ల సొరకాయకు పసుపు, కుంకుమ పూసి."

నేను గుమ్మడికాయతో తీయడం చూశాను. కొబ్బరికాయ, నిమ్మకాయ, ఉప్పు, మిరపకాయలు, కోడిగుడ్డు చూశాను. సొరకాయతో దిష్టి తీయడం నా డెబ్బై మూడేళ్ళలో ఎక్కడా చూడలేదు. అదీ తెల్లది.

"ఓబుళమ్మా, ఆ సొరకాయను దగ్గర నుంచి చూసినవాళ్ళెవరు?"

"దగ్గరికి ఎవురు పోతారక్కా?"

మైత్రి అప్పటికే లేచి నిలబడింది.

ముగ్గురం వెళ్ళాం. దారులు కలిసే చోట, కంపచెట్టు కింద, అది పడి ఉంది. వారం రోజులుగా జనం పక్కకు తప్పుకుని నడిచిన అడుగులు దాని చుట్టూ కొత్త కాలిబాట వేశాయి. ఓబుళమ్మ "ముట్టొద్దే, ముట్టొద్దు!" అంటూనే ఉంది, మైత్రి వెళ్ళి రెండు చేతులతో ఎత్తుకుంది. తెల్లటి గొట్టం, మధ్యలో ఎర్ర పట్టీ, పట్టీ చుట్టూ పసుపు. పసుపు మధ్య కుంకుమ బొట్లు.

ఓబుళమ్మ దగ్గరికొచ్చింది. మెడ వంచి చూసింది.

"ఈ బొట్లు నా చేతివే" అంది. "రాకెట్టుకు నేను పెట్టినవి."

పెట్టింది నిజమే. కొత్త మోటారుకు, కొత్త ట్రాక్టరుకు పెట్టినట్టే, ఎక్కుపెట్టిన రాకెట్‌కు పసుపు ముద్ద మెత్తి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. అది జరిగింది పిల్లలు చూసుకోవాల్సినవన్నీ చూసుకున్నాక, వెలిగించడానికి ముందు. పసుపు ఎండలో గట్టిపడింది. మూడు బొట్ల కింద మూడు రంధ్రాలు.

చెప్పిన మాట

మైత్రికి అర్థమైన క్షణం నాకు తెలుసు, ఎందుకంటే అది అరచేత్తో ఒక బొట్టును మూసింది. గొట్టాన్ని గుండెకు ఆనించుకుని, "దొరికింది కదా అవ్వా, పోదాం పదండి" అంది.

నాకు నోటిదాకా వచ్చింది. మింగాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

"ఏమి మూస్తాండావు?" అంది ఓబుళమ్మ.

"ఏం లేదవ్వా."

"ఏమీ ల్యాకపోతే చెయ్యి తియ్యి."

మైత్రి జడ కొస పట్టుకుంది. మళ్ళీ వదిలింది. చెయ్యి తీసింది.

"అవ్వా, ఇక్కడ సన్న తూట్లుండాయి, మూడు. రాకెట్టు వీటితోనే గాలి పీలుస్తుంది. పైకి పోయిందా, కిందికి వస్తుందా అని వీటి వల్లే తెలుసుకుంటుంది. ఇవి మూసుకుపోయినాయి."

"దేంతో?"

ఓబుళమ్మ తన బొటనవేలిని చూసుకుంది. అక్కడే, దారి మీద, దిష్టి అనుకున్న చోటే చతికిలబడింది.

"తూట్లు చూసినా" అంది. "సుట్టూ మూడుండాయి గదా, బొట్లు పెట్టేదానికే ఇడిసినారేమో అనుకున్న్యా. నేనే దాని ముక్కు మూసినానా?"

మైత్రి ఆమె పక్కన కూర్చుంది. "నీ తప్పు కాదవ్వా."

"నా తప్పు కాదని నాకూ తెలుసు!" అని ఒక్కసారిగా లేచింది ఓబుళమ్మ గొంతు. "నాకేమి తెలుస్తాది దాని ముక్కు యాడుండాదో? మీరు నలుగురుండ్రి గదే ఆడ! చేతులు కట్టుకుని నిలబడి చూసినారు గదా! ఒక్కరన్నా, అవ్వా, ఆడ పెట్టొద్దు అంటే నేను కరుస్తానా?"

"అనలేకపోయామవ్వా. నువ్వు అంత ప్రేమగా పెడుతుంటే..." మైత్రికి ఏడుపొచ్చింది. "నేను చూశాను. తర్వాత తుడుద్దాం అనుకున్నా. గాలి లేస్తాంది, తొందరగా కానిద్దామన్నారు. మరిచిపోయా."

ఓబుళమ్మ చాలాసేపు దాన్ని తిట్టింది. కొంగుతో దాని ముఖం తుడుస్తూ తిట్టింది.

నాకు అప్పుడు తట్టింది, ఆ రాకెట్‌ను విరిచింది పసుపు కాదు, మొహమాటం. పెద్దావిడ బొట్టు పెడుతుంటే వద్దనడం మన ఇళ్ళల్లో ఎవరికీ నేర్పం. నేనూ మైత్రికి నేర్పలేదు.

వంగని గీత

పెట్టె పైన గీతలు పడ్డా లోపల చెడలేదు. మైత్రి దాన్ని ఫోన్‌కు కలిపితే ఎత్తు గీత వచ్చింది. విసిరిన రాయి గీత నేను నల్లబల్ల మీద కొన్ని వందల సార్లు గీసి ఉంటాను. ఎక్కినట్టే దిగుతుంది, రెండు వైపులా ఒకే వంపు. ఈ గీత అలా లేదు. బద్ధకంగా ఎక్కుతూ, దిగాల్సిన చోట కూడా ఎక్కుతూనే ఉంది. లోపలి గాలి ఎండిన పసుపు పగుళ్ళలోంచి కొంచెం కొంచెంగా జారింది. రాకెట్ తలకిందులై నేలకు దూసుకొస్తున్నా, పెట్టె ఇంకా పైకి పోతున్నామనే అనుకుంది. అది తెలుసుకుని మందు పేల్చేసరికి ఆలస్యమైంది.

ప్రణీత్‌కు ఫోన్ చేసి, గీత, చీలిక, రెక్క ఊడిన చోటు, బొట్లు అన్నిటి ఫోటోలూ పంపింది. తర్వాత ఆ అబ్బాయి ఒక ఫోటో పంపాడు. ఓబుళమ్మ వంగి రాకెట్‌కు బొట్టు పెడుతోంది, వెనక ముగ్గురు పిల్లలు నవ్వుతున్నారు.

"ఈ ఫోటో తీసింది నేనే" అన్నాడు. "దగ్గరగా తీశాను. రంధ్రం కనబడుతోంది కూడా. సారీ మైత్రీ." తర్వాత, "అతుకు నిలబడింది కదా. తర్వాతి దానికి కూడా నువ్వే అతికించు" అన్నాడు.

ఆ సాయంత్రం నివేదిక రాయడానికి కూర్చుంది. "రంధ్రాలు పసుపుతో మూసుకుపోయాయి" దాకా రాసి ఆగింది.

"ఎవరు పెట్టారో కూడా రాయాలి. నిజం సగం రాయకూడదు" అన్నాను.

"అమ్మమ్మా, ఎవరు పెట్టారనేది కారణం కాదు. పెట్టాక మేం చూడకపోవడం కారణం. చివరిసారి చూడాల్సిన పని నాది." అని రాసింది: "చివరి పరిశీలన: మైత్రి. చూసింది, చెప్పలేదు."

"ఇందుకోసమా నేనింత దూరం వచ్చింది? నీ పేరు తీసి మళ్ళీ నీ పేరే పెట్టడానికా?"

"జిగురు వదిలి ఉంటే నాకు చేతకాదని అర్థం. ఇది చేతకాకపోవడం కాదుగా. నోరు తెరవకపోవడం. అది రేపటి నుంచే మార్చుకోవచ్చు."

నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు సరిచూశాను. నాకు దిద్దడానికేమీ దొరకలేదు.

ఆ పూట ఓబుళమ్మ ఓళిగలు చేసింది. మా బొబ్బట్లే, కానీ పలచన, అరచేతికి రెండింతలు. ఎవరితోనూ మాట్లాడకుండా చేసింది. మైత్రి నాలుగు తింది.

సెలవు

సోమవారం పొద్దున బస్సుకు బయల్దేరాం. ఇంటికొచ్చిన ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పంపడం ఇక్కడా ఆచారమే. ఓబుళమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. ముందు నాకు పెట్టింది. మైత్రి ముందుకొచ్చేసరికి ఆమె వేలు నుదుటికి ఇంత దూరంలో ఆగిపోయింది.

"ఈడ పెట్టొచ్చునా?" అంది. నవ్వడానికే అంది. కానీ నవ్వు రాలేదు.

మైత్రి ఆమె మణికట్టు పట్టుకుని, వేలిని తన కనుబొమల మధ్యకు తెచ్చుకుంది. "ఇక్కడవ్వా. తర్వాతి రాకెట్‌కు కూడా నువ్వే పెట్టాలి. యాడ పెట్టాలో నేను చూపిస్తా."

"చూపించకపోతే కొడతా" అంది ఓబుళమ్మ. బొట్టు కొంచెం పక్కకు పడింది. మైత్రి అనంతపురం దాకా దాన్ని సరిచేసుకోలేదు.

నేను పద్దెనిమిదో తేదీ మంగళవారం తెనాలి చేరాను. పోయినవాటి లెక్క ఇది.

రాకెట్, ఒకటి.

పారాచూట్, ఒకటి. కుట్లు నిలిచాయి, గుడ్డ పోయింది.

రెక్క, ఒకటి. దొరకలేదు.

చెప్పు, ఒకటి.

మైత్రికి అయిదు రోజుల అన్నం.

ఓబుళమ్మకు ఒక రాత్రి నిద్ర.

బొట్టు పెట్టే ఆమె వేలికి ఇదివరకున్న ధీమా, కొంత.